చంద్రపూర్ ఎండల్లో రోజూ వాడే చల్ల నీళ్ల బాటిల్: ఎలా ఎంచుకోవాలి?

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు ఉండేవాళ్లకు ఎండ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. ఆ ఎండలోనే ఓపెన్‌కాస్ట్ గనుల్లో డంపర్లు తిరుగుతాయి, గడ్‌చాందూర్ సిమెంటు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు మారుతాయి, బస్టాండ్ల దగ్గర పండ్ల బండ్లవాళ్లు పొద్దంతా నిలబడతారు. ఇంట్లో రంజన్ (పెద్ద మట్టి కుండ) నీళ్లు చల్లగానే ఉంటాయి గానీ రంజన్‌ను వెంట తీసుకుపోలేం కదా. మామూలు ప్లాస్టిక్ బాటిల్‌లో పోసుకుపోతే పది దాటేసరికి గోరువెచ్చగా, మధ్యాహ్నానికి నోట్లో పెట్టుకోలేనట్టు అవుతాయి. నీళ్లు తాగబుద్ధి కాకపోతే మనిషి తక్కువ తాగుతాడు. వడదెబ్బ ముప్పు అక్కడి నుంచే పెరుగుతుంది. అందుకే ఈ కొనుగోలును తేలిగ్గా తీసుకోవద్దని నా మాట.

ముందు మీ రోజు ఎలా గడుస్తుందో చూడండి

దుకాణానికి వెళ్లే ముందే తేల్చుకోవాల్సింది సైజు. ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు 15–20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్లు తాగాలని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ చెబుతుంది. లెక్కేస్తే గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా వస్తుంది. ఎనిమిది గంటల షిఫ్టుకు సరిపడా నీళ్లు భుజానికి తగిలించుకునే ఏ బాటిల్‌లోనూ పట్టవు. కాబట్టి గని, కట్టుబడి పని, పొలం పని చేసేవాళ్లు రెండంచెలుగా ఆలోచించాలి. పనిచేసే చోట నీడన ఐదు లీటర్లో పది లీటర్లో పట్టే కూలింగ్ క్యాను ఒకటి, చేతిలో లీటరు బాటిల్ ఒకటి. క్యాను నలుగురికి ఉమ్మడిగా ఉన్నా పర్వాలేదు. బాటిల్ మాత్రం ఎవరిది వాళ్లకుండాలి.

ఆఫీసుకో దుకాణానికో పోయేవాళ్లకు 750 మిల్లీలీటర్లు చాలు. మళ్లీ నింపుకునే వీలు ఎలాగూ ఉంటుంది. బల్లార్షా నుంచి కాజీపేట వైపు రైల్లో తరచూ తిరిగేవాళ్లు లీటరుది తీసుకోవచ్చు.

పిల్లల సంగతి వేరు. బడి సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020లో వచ్చిన జాతీయ స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతుంది. మూడో తరగతి పిల్ల 24 కిలోలుంటే సంచి రెండున్నర కిలోల లోపే ఉండాలి. లీటరు స్టీల్ థర్మాస్ నిండా నీళ్లు పోస్తే దానికదే కిలోన్నర దాకా తూగుతుంది! ఇక పుస్తకాలు, టిఫిన్ డబ్బా ఎక్కడ పెట్టాలి? చిన్నపిల్లలకు అర లీటరుది కొని, బడిలో మళ్లీ నింపుకోవడం నేర్పండి.

గోడల మధ్య ఏముందో అడగండి

బయటికి చూస్తే అన్నీ ఒకేలా మెరుస్తాయి. లోపల మాత్రం మూడు రకాలు. ఒకటే గోడ ఉన్న స్టీల్ బాటిల్ గట్టిదే కానీ చల్లదనం నిలబెట్టదు. ఐస్ నీళ్లు పోస్తే బయట చెమట పట్టి సంచి తడుస్తుంది. రాగి బాటిళ్లదీ ఇదే దారి. రెండో రకానికి లోపల స్టీల్, బయట ప్లాస్టిక్, మధ్యలో ఫోమో ఉత్త గాలో ఉంటుంది. కొన్ని గంటలు ఆగుతుంది, తేలిగ్గా ఉంటుంది, ధర తక్కువ. దగ్గర్లోని బడికి పోయే పిల్లలకు సరిపోవచ్చు.

మూడోది వాక్యూమ్ బాటిల్. రెండు స్టీల్ గోడల మధ్య నుంచి గాలి తీసేసి మూసేస్తారు. గాలి లేకపోతే వేడి ఒక గోడ నుంచి ఇంకో గోడకు పాకడానికి దారి ఉండదు. ఈ ఉపాయం 1892లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త జేమ్స్ డీవార్‌ది. కిరణాల రూపంలో వచ్చే వేడిని వెనక్కి తిప్పడానికి కొన్ని బాటిళ్లలో లోపలి గోడకు బయటి వైపు రాగి పూత కూడా వేస్తారు. మన ఎండకు తట్టుకునేది ఈ రకమే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 'డబుల్ వాల్' అని రాసి ఉన్నంత మాత్రాన అది వాక్యూమ్ అయిపోదు. రెండు గోడల మధ్య గాలి ఉన్నా అది డబుల్ వాలే. పెట్టె మీద 'వాక్యూమ్' అన్న మాట కనిపించాలి.

24 గంటల మాటను సగం చేసి వినండి

'పాణీ చోవీస్ తాస్ థండ్ రాహతం' (నీళ్లు 24 గంటలు చల్లగా ఉంటాయి) అని దుకాణందారు మరాఠీలో అంటాడు, పెట్టె మీద కూడా అదే ఉంటుంది. అది అబద్ధమనను. అయితే ఆ లెక్క మామూలు గది వేడిలో, నిండా నింపి, మూత కదపకుండా చూసింది. బయటి వేడికి, లోపలి చల్లదనానికి ఎంత తేడా ఉంటే వేడి అంత వేగంగా లోపలికి వస్తుంది. 25 డిగ్రీల గదిలో 5 డిగ్రీల నీళ్లుంటే తేడా 20. అదే బాటిల్ 45 డిగ్రీల ఎండకాలంలో బయట ఉంటే తేడా 40. అంటే వేడి దాదాపు రెట్టింపు వేగంతో ఎక్కుతుంది. పైగా మనం మాటిమాటికీ మూత తీస్తాం, నీళ్లు తగ్గేకొద్దీ మిగిలినవి ఇంకా త్వరగా వేడెక్కుతాయి. కాబట్టి 24 గంటలని రాసి ఉంటే పొద్దున నుంచి సాయంత్రం దాకా చల్లగా ఉంటాయని అనుకోండి. నిజానికి మనకు కావాల్సింది కూడా అంతే. 12 గంటలని రాసిన బాటిల్‌ను మాత్రం బయట పనికి తీసుకోవద్దు.

ఒకే కంపెనీ బాటిళ్లలో కూడా లీటరుది అర లీటరుదాని కన్నా ఎక్కువసేపు చల్లగా ఉంచుతుంది. రంగు విషయానికొస్తే, ఎండ నేరుగా తగిలే చోట నలుపు కన్నా తెలుపో మామూలు స్టీల్ రంగో నయం. బండి ట్యాంకు మీదో డంపర్ అద్దం దగ్గరో పెట్టకుండా నీడలో పెడితే రంగు పెద్ద లెక్కలోకి రాదు.

స్టీల్, ఐఎస్ఐ గుర్తు

నీళ్లు తగిలే లోపలి గోడ 304 రకం స్టీల్ అయి ఉండాలి. '18/8' అని రాసినా అదే, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. చవకవాటిలో 201, 202 రకాలు వాడతారు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన ఆ స్టీల్‌కు ఉప్పూ పులుపూ తగిలితే మచ్చలు త్వరగా పడతాయి. అయస్కాంతంతో పరీక్షించమని చాలామంది చెబుతారు గానీ అది 304ను, 202ను విడదీసి చూపించలేదు. రెండింటికీ అయస్కాంతం సరిగ్గా అంటుకోదు. గట్టిగా అతుక్కుంటే మాత్రం అది వేరే నాసిరకమని తెలుస్తుంది.

అంతకన్నా నమ్మకమైనది ఐఎస్ఐ గుర్తు. ఇంట్లో వాడే స్టీల్ వాక్యూమ్ బాటిళ్లకు ఐఎస్ 17526 అనే ప్రమాణం ఉంది. గుర్తు దగ్గర ఉండే లైసెన్స్ నంబరును ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది అసలుదో కాదో తెలుస్తుంది. దుకాణంలో నిలబడే చూసుకోవచ్చు, మొహమాటం అక్కర్లేదు. మిల్టన్, సెల్లో, బోరోసిల్ లాంటి పేరున్న కంపెనీల బాటిలైనా సరే, గుర్తు చూశాకే డబ్బులివ్వండి.

మూత దగ్గరే ఎక్కువసేపు ఆగండి

కొనేటప్పుడు అందరూ రంగు చూస్తారు, రేటు చూస్తారు. మూతను తిప్పి చూసేవాళ్లు తక్కువ. చల్లదనం ఎక్కువగా పోయేది మూత దగ్గరే, కారేది అక్కడే, వాసన పట్టేదీ అక్కడే.

మన ఇళ్లలో బాటిల్‌కు మూతి ఆనించకుండా ఎత్తి గొంతులో పోసుకునే అలవాటు ఎక్కువ. దీన్ని బట్టే మూత ఎంచుకోవాలి. వెడల్పు నోరున్న బాటిల్‌ను ఎత్తి తాగబోతే నీళ్లు ఒక్కసారిగా దూకి చొక్కా తడుస్తుంది. సన్న నోరుంటే తాగడం హాయి, కానీ ఐస్ ముక్కలు పట్టవు, లోపలికి చెయ్యి పోదు, అడుగున పాచి కడగలేం. నా ఓటు ఈ రెండూ కలిసినదానికి: బాటిల్ నోరు వెడల్పు, మూతలోనే ఇంకో చిన్న మూత. చిన్నది తిప్పి తాగుతాం, పెద్దది తిప్పి కడుగుతాం. స్ట్రా మూతలు, నొక్కితే తెరుచుకునే మూతలు చూడముచ్చటగా ఉంటాయి. అయితే వాటి సందుల్లో దుమ్ము చేరుతుంది. బొగ్గు దుమ్ము, సిమెంటు దుమ్ము ఎగిరే చోట అవి వద్దు. తాగే చోటును పూర్తిగా కప్పే మూత ఉండాలి.

ఇప్పుడు మూతను వెల్లకిలా తిప్పి లోపల చూడండి. అంచు చుట్టూ తెల్లటి సిలికాన్ వాషరు ఉంటుంది. గోటితో లేపితే ఊడి రావాలి. మళ్లీ పెడితే గాడిలో సరిగ్గా కూర్చోవాలి. ఊడిరాని వాషరు వెనక తేమ నిలిచి నెల తిరిగేసరికి నల్లటి బూజు గీత కనబడుతుంది. బాటిల్ ఎంత తోమినా నీళ్లకు వాసన వస్తుందంటే ముందు అనుమానించాల్సింది ఆ గీతనే. విడిగా వాషరు, మూత దొరుకుతాయా అని దుకాణంలోనే అడగండి. మూత లోపలి భాగం బోలుగా పలచగా కాకుండా మందంగా ఉంటే చల్లదనం బాగా ఆగుతుంది.

కొన్న రోజే చేయాల్సిన పరీక్షలు

బిల్లు తప్పకుండా తీసుకోండి. ఇంటికి రాగానే బాటిల్ కడిగి, మసిలే నీళ్లు పోసి మూత బిగించండి. పది నిమిషాలాగి అరచేతితో బాటిల్‌ను పై నుంచి కింది దాకా నిమరండి. మెడ దగ్గర కాస్త వెచ్చగా ఉంటే తప్పు లేదు, అక్కడ రెండు గోడలూ కలుస్తాయి. నడుమో అడుగో వేడిగా తగిలితే వాక్యూమ్ లేనట్టే. ఆలస్యం చేయకుండా వెనక్కిచ్చి మార్పించుకోండి. అంతా బాగుంటే ఆ నీళ్లను రాత్రంతా అలాగే ఉంచండి. లీటరు బాటిలైతే తెల్లారి కూడా పొగలు రావాలి.

తర్వాత మామూలు నీళ్లు నింపి, పాత పేపరు మీద తలకిందులుగా పది నిమిషాలు నిలబెట్టండి. పేపరు తడిస్తే వాషరు తీసి సరిగ్గా పెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ కారితే అది సంచిలో పెట్టే బాటిల్ కాదు.

రోజూ నింపే పద్ధతి

ఫ్రిజ్ ఉన్నవాళ్లకు సులువు. లేకపోయినా రంజన్ నీళ్లతో పని నడుస్తుంది. రంజన్ నీళ్లు 25 డిగ్రీలున్నాయనుకుందాం. 900 మిల్లీలీటర్ల నీళ్లలో 100 గ్రాముల ఐస్, అంటే ట్రేలోని నాలుగైదు ముక్కలు వేస్తే అవి కరిగేసరికి నీళ్లు సుమారు 15 డిగ్రీలకు దిగుతాయి. ఒంటికి హాయిగా ఉండే చల్లదనం అదే. ఐస్ రెట్టింపు చేస్తే నాలుగైదు డిగ్రీలకు పోతాయి. అంత చల్లటివి గబగబా తాగలేం. పొద్దంతా బయట ఉండాల్సి వస్తే మాత్రం అలా మొదలుపెట్టడమే మేలు, మధ్యాహ్నానికి సరిపోతాయి. ఐస్ ఇంట్లో తాగే నీళ్లతో చేసుకున్నదే వేయండి. బండ్ల మీద అమ్మే ఐస్ దిమ్మె ఏ నీళ్లతో చేశారో తెలియదు, అది వద్దు.

ముందుగా చల్ల నీళ్లు పోసి పారబోస్తే బాగా పనిచేస్తుందంటారు. తేడా ఒక డిగ్రీకి మించదు, నీళ్లు కరువైన నెలల్లో ఆ పని అక్కర్లేదు. నిండా నింపడం అంతకంటే ముఖ్యం.

బాటిల్‌ను నీళ్లతో సహా డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. గడ్డకట్టిన నీళ్లు ఉబ్బి లోపలి గోడ వంగిందంటే వాక్యూమ్ పోతుంది. పొయ్యి మీద పెట్టి వేడి చేయడం ఇంకా ప్రమాదం. సోడా, కూల్‌డ్రింకులు పోసి బిగిస్తే గ్యాస్ ఒత్తిడికి మూత ఎగిరిపడవచ్చు. మజ్జిగ, నిమ్మరసం పోసుకుంటే రెండు మూడు గంటల్లో తాగేసి వెంటనే కడగాలి. ఓఆర్ఎస్ కలపడానికి లీటరు బాటిల్ బాగా అక్కరకొస్తుంది, మామూలు ప్యాకెట్ లీటరు నీళ్లకే కాబట్టి. ముందు ఒకసారి కొలపాత్రతో పోసి లీటరు ఎక్కడిదాకా వస్తుందో గుర్తుపెట్టుకోండి. కలిపింది 24 గంటల్లోపు తాగాలి, మిగిలితే పారబోయాలి.

ఇంకో మాట. చంద్రపూర్ జిల్లాలో కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. బాటిల్ ఎంత ఖరీదైనదైనా నీళ్లను శుద్ధి చేయదు. తాగే నీళ్లు ఎక్కడివో అది విడిగా చూసుకోవాల్సిందే.

బోరు నీళ్ల వల్ల అడుగున తెల్లటి పొర కడుతుంది. చెంచాడు నిమ్మ ఉప్పు వేసి గోరువెచ్చని నీళ్లతో నింపి, మూత బిగించకుండా గంట ఉంచితే పొర కరిగి ఊడిపోతుంది. వాసనకు తినే సోడా చాలు. పీచు బ్రష్షుతో తోమండి, స్టీల్ పీచు, బ్లీచింగ్ పౌడరు వద్దు. రాత్రి మూత తీసి, వాషరు విడిగా ఆరబెట్టండి.

కింద పడి అడుగు సొట్టపోతే మసిలే నీళ్ల పరీక్ష మళ్లీ చేయండి. ఒకసారి వాక్యూమ్ పోయిన బాటిల్‌ను ఎవరూ బాగుచేయలేరు. చాలా కంపెనీలు చల్లదనం ఆగకపోతే వారంటీలో మారుస్తాయి గానీ సొట్ట ఉంటే ఒప్పుకోవు. బల్లార్‌పూర్ బజారులోనే కొంటే ఇలాంటప్పుడు దుకాణానికి నేరుగా తీసుకుపోవచ్చు. ఆన్‌లైన్‌లో తీసుకుంటే వాపసు గడువు ముగియకముందే పరీక్షలన్నీ పూర్తి చేయండి.