ఎడమచేతి ఆటగాడితో టెన్నిస్ – 3: పక్కకు వంగే సర్వీసు

కిందటి భాగంలో ఎడమచేతి ఫోర్‌హ్యాండ్‌ను చూశాం. ఇప్పుడు సర్వీసు వంతు. ఈ పాఠం కుడిచేత్తో ఆడేవారి కోసం.

ఎడమచేతివాళ్లకు పుట్టుకతోనే ఏదో విద్య అబ్బుతుందని చాలామంది అంటారు. నాకు ఆ నమ్మకం లేదు. కుడిచేత్తో రాసే రఫెల్ నాదల్ ఎడమచేత్తో ఆడి 14 సార్లు ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. చిక్కంతా అలవాటులోనే ఉంది. ఎడమచేతివాటం దాదాపు పదిమందిలో ఒకరికే ఉంటుంది. ఆ ఒక్కరూ రోజూ మనలాంటివాళ్లతోనే ఆడతారు, మనకు మాత్రం అలాంటివాళ్లు ఎప్పుడో గానీ తారసపడరు.

ముందు బంతి నడక తెలుసుకోండి. స్లైస్ అంటే బంతిని పక్కగా కోసినట్టు కొట్టి వంగేలా చేసే సర్వీసు. కుడిచేతి స్లైస్ మన ఫోర్‌హ్యాండ్ వైపు, అంటే కుడికి వంగుతుంది, ఎడమచేతి స్లైస్ బ్యాక్‌హ్యాండ్ వైపు, అంటే ఎడమకు. మనం ఎడమ పక్కన, అంటే అడ్వాంటేజ్ కోర్టులో ఉన్నప్పుడు అది పక్కగీత దాటించి మనల్ని బయటికి లాగేస్తుంది. 40-30, 30-40, డ్యూస్ (40-40) తర్వాత వచ్చే అడ్వాంటేజ్, అన్నీ ఆ పక్కనే ఆడాలి. గేమ్ తేలే పాయింట్లలో 40-15, 15-40 మాత్రమే కుడి పక్కకు వస్తాయి. ఎంత అన్యాయమో చూడండి!

అందుకే అడ్వాంటేజ్ కోర్టులో మామూలుగా నిలబడే చోటు నుంచి ఒక అడుగు ఎడమకు జరగండి. మధ్యగీత వైపు ఖాళీ కనిపిస్తుంది, కనిపించనివ్వండి. అటు కొడితే బంతి మీ ఫోర్‌హ్యాండ్‌కే వస్తుంది. సర్వీసు పడగానే పక్కకు పరుగెత్తకండి, ఏటవాలుగా ముందుకు అడుగు వేయండి. వంపు పెరగకముందే బంతిని అందుకోవాలి. వెనక్కి తగ్గితే అది ఇంకా దూరం పోతుంది. అప్పుడు రాకెట్ చాచడం తప్ప చేయగలిగింది ఉండదు.

అతను బంతిని ఎగరేసే తీరు కూడా గమనించండి. తన ఎడమవైపుకు, అంటే మనకు కుడివైపుకు ఎగరేస్తే చాలాసార్లు స్లైసే. తల మీదుగా వెనక్కి ఎగరేస్తే కిక్ సర్వీసు కావచ్చు. అది నేలను తాకాక మన ఫోర్‌హ్యాండ్ వైపు లేస్తుంది.

రిటర్న్ ఎటు కొట్టాలి? అలవాటు కొద్దీ క్రాస్‌కోర్ట్, అంటే కోర్టుకు ఏటవాలుగా కొడితే బంతి నేరుగా అతని ఫోర్‌హ్యాండ్‌కు పోతుంది, అక్కడి నుంచి మళ్లీ మన బ్యాక్‌హ్యాండ్‌కే వస్తుంది. గీత వెంబడి కొడితే అతని బ్యాక్‌హ్యాండ్ దొరుకుతుంది గానీ, బంతి నెట్‌ను ఎత్తయిన చోట దాటాలి: నెట్ స్తంభాల దగ్గర 107 సెంటీమీటర్లు ఉంటుంది, మధ్యలో 91.4 మాత్రమే. నేర్చుకునేవారు మధ్యకే, బేస్‌లైన్‌కు దగ్గరగా లోతుగా కొట్టండి. అతనికి కోణం దొరకదు, మీకు కోర్టులోకి తిరిగొచ్చే వ్యవధి దొరుకుతుంది. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్‌లో నాదల్‌ను ఓడించిన ఫెదరర్ బ్యాక్‌హ్యాండ్‌ను గమనించండి: బంతి పైకి లేస్తుండగానే అందుకున్నాడు.

సాధనకు ఎడమచేతి జోడీ దొరకకపోతే, అవతలి సర్వీస్ గీత దగ్గర, మీకు కుడివైపున్న పక్కగీతను ఆనుకుని స్నేహితుణ్ని నిలబెట్టి, మీ ఎడమ పక్కగీత వైపు ఏటవాలుగా బంతులు కొట్టమనండి. తిరుగుడు రాదు గానీ కోణం వస్తుంది. ఇరవై బంతులు అందుకుని, మధ్యలో లోతుగా పడినవెన్నో లెక్కపెట్టండి. సగం దాటితే కుడి పక్కన సాధన మొదలుపెట్టవచ్చు, వచ్చే భాగం దాని గురించే.