పాత ఫొటోలు చదవడం నేర్చుకుందాం, 4వ పాఠం: స్టార్లు లెక్కపెట్టి తేదీ పట్టుకోవడం

పోయిన పాఠంలో 1917లో వైట్‌హౌస్ గేటు ముందు నిలబడ్డ ఆడవాళ్ళ బ్యానర్లు చదివాం కదా, ఈసారి చదవడం కాదు, లెక్కపెట్టడం. నిజంగానే స్క్రీన్ మీద వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అనుకుంటూ.

ఆ ఆడవాళ్ళది నేషనల్ ఉమన్స్ పార్టీ, అమెరికాలో ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడిన సంస్థ. వాళ్ళకి ఒక జెండా ఉండేది, ఊదా, తెలుపు, బంగారు రంగు చారలతో, ఫొటోలో అవన్నీ బూడిద రంగు షేడ్లే అనుకోండి. 1919 జూన్ 4న ఆడవాళ్ళకి ఓటు హక్కు ఇచ్చే రాజ్యాంగ సవరణ సెనేట్‌లో పాసయ్యాక అది రాష్ట్రాల ఆమోదానికి వెళ్ళింది, అప్పటికి మొత్తం 48 రాష్ట్రాలు, అందులో 36 ఒప్పుకోవాలి. ఒక్కో రాష్ట్రం ఒప్పుకున్నప్పుడల్లా వీళ్ళు ఆ జెండా మీద ఒక్కో స్టార్ కుట్టేవాళ్ళు. అంటే ఫొటో వెనక ఎవరూ తేదీ రాయకపోయినా ఆ గుడ్డే మనకి తేదీ చెప్పేస్తుంది, నాకు ఈ ఫొటోలంటే అంత ఇష్టం అందుకే.

ఇప్పుడు చేసి చూద్దాం. జెండా పూర్తిగా పరిచి ఉంది, 35 స్టార్లు వచ్చాయి అనుకోండి. 35వ రాష్ట్రం వాషింగ్టన్, 1920 మార్చి 22. 36వది టెన్నెసీ, అదే ఏడాది ఆగస్టు 18. సో ఫొటో ఈ రెండింటి మధ్యది, దాదాపు 5 నెలలు, ఇంకా దగ్గరికి రావాలంటే బట్టలు చూడాలి, కోట్లు వేసుకున్నారా, పల్చటి తెల్ల గౌన్లలో ఉన్నారా అని. (ఆ 5 నెలలు వీళ్ళు ఎలా గడిపారో! చివరికి టెన్నెసీలో 24 ఏళ్ళ హ్యారీ బర్న్ అనే శాసనసభ్యుడు వాళ్ళమ్మ రాసిన ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చి తన ఓటు మార్చుకున్నాడు, దాంతో గట్టెక్కింది.)

ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. జెండా మడతపడి 20 స్టార్లే కనిపిస్తే "20 రాష్ట్రాలప్పటి ఫొటో" అని రాసేస్తారు. కాదు, కనీసం 20 అని మాత్రమే రాయాలి, మడతలో ఎన్ని దాక్కున్నాయో మనకి కనపడదు కదా.

ఇంకోటి, ఈ పార్టీ నాయకురాలు ఆలిస్ పాల్ కూర్చుని స్టార్ కుడుతుంటే చుట్టూ మిగతావాళ్ళు చూస్తున్న ఫొటో ఉంటుంది. ఎంత కుదురుగా ఉన్నారో గమనించండి, అది పేపర్ల కోసం కూర్చుని తీయించుకున్నది. అంతమాత్రాన అబద్ధం కాదు, జనం తమని ఎలా చూడాలని వాళ్ళు కోరుకున్నారో అది చూపిస్తుంది, నోట్‌బుక్‌లో దానికి వేరే కాలమ్ పెట్టుకోండి.

హోంవర్క్: వాషింగ్టన్ నగరంలో (పైన చెప్పిన రాష్ట్రం కాదు, రాజధాని) పార్టీ ఆఫీసు బాల్కనీ నుంచి ఆలిస్ పాల్ జెండా కిందికి వదులుతున్న 1920 ఫొటో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో దొరుకుతుంది, పెద్ద సైజుది దించుకోండి. క్యాప్షన్ మూసేసి ముందు స్టార్లు లెక్కపెట్టండి, తర్వాత కింద రోడ్డు మీద ఎంతమంది ఉన్నారో, ఎవరెటు చూస్తున్నారో రాయండి, అప్పుడు క్యాప్షన్ తెరవండి.

వచ్చే పాఠంలో ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం వాషింగ్టన్ నగరంలో జరిగిన 1913 మార్చి 3 ఊరేగింపు. నల్లజాతి వాళ్ళంతా చివర్లో నడవండి అంటే ఒప్పుకోకుండా నల్లజాతి జర్నలిస్టు ఐడా బి. వెల్స్ పక్కన జనంలో ఆగి, ఇల్లినాయ్ బృందం రాగానే మధ్యలో వచ్చి కలిసింది, ఆమెని ఫొటోలో వెతుకుదాం.