పాత రౌటర్ పాఠాలు – 3: నాలుగు ఎంబీలో సంసారం

కిందటి పాఠంలో రౌటర్ అడుగున ఉన్న చీటీ చూసి మోడల్, వెర్షన్ రాసుకున్నాం. ఈ పాఠానికి టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఆర్841ఎన్, 9వ వెర్షన్ తీసుకుందాం. ఫ్లాష్ (కరెంటు పోయినా నిలిచే నిల్వ) 4 ఎంబీ, ర్యామ్ (ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడే మెమరీ) 32 ఎంబీ. రౌటర్‌లో కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) బదులు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. అది ఈ తరగతి రౌటర్లను 19.07 శ్రేణితో వదిలేసింది. అందులో ఆఖరిది 2022లో వచ్చిన 19.07.10. ఆ తర్వాత భద్రతా సవరణలు లేవు కాబట్టి దీన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించవద్దు. ఇంట్లోని ప్రధాన రౌటర్ వెనక వైఫై యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై అందించడానికి మాత్రమే వాడుకుందాం. ఈ ఒక్క నిర్ణయంతో చోటు ఇబ్బంది కూడా చాలావరకు తీరుతుంది.

ముందు లెక్క చూద్దాం. 4 ఎంబీ అంటే 4096 కేబీ. రౌటర్‌ను మేల్కొలిపే బూట్‌లోడర్‌కు 128, ‘ఆర్ట్’ అనే భాగానికి 64 పోగా మిగిలేది 3904 కేబీ. కెర్నెల్ (అన్నిటినీ నడిపే మూల ప్రోగ్రాము), మిగతా ప్రోగ్రాములు, మీ సెట్టింగులు అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఆర్ట్‌లో ఉండేవి ఆ రౌటర్ రేడియోకు ఫ్యాక్టరీలో కొలిచి పెట్టిన విలువలు. పక్కవారి రౌటర్ నుంచి తెచ్చుకుంటే సరిపోవు. అందుకని బూట్‌లోడర్, ఆర్ట్ రెండింటినీ ముందే కంప్యూటర్‌లోకి కాపీ చేసి ఉంచండి.

చోటు చాలదనగానే చాలామంది నడుస్తున్న రౌటర్‌లోకి వెళ్లి ప్యాకేజీలను (ప్రోగ్రాముల మూటలను) తీసేసే ‘ఓపీకేజీ రిమూవ్’ కొడతారు. దానివల్ల చోటు పెరగదు సరికదా, ఇంకాస్త తగ్గుతుంది! ఇమేజ్‌తో, అంటే రౌటర్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఫైలుతో వచ్చిన ప్యాకేజీలు స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో ఉంటాయి. అది చదవడానికే తప్ప చెరపడానికి వీల్లేనిది. మీరు తీసేసిన ఫైలు అక్కడే ఉంటుంది. ‘ఇది లేదనుకో’ అనే గుర్తు మాత్రం రాయదగిన భాగంలో చేరుతుంది. ఆ గుర్తుకూ చోటు కావాలి కదా. కాబట్టి కత్తిరింపు ఇమేజ్ తయారయ్యేటప్పుడే జరగాలి.

అందుకు పనిముట్టు ఇమేజ్ బిల్డర్. 64 బిట్ లినక్స్ కంప్యూటర్‌లో 19.07.10కి చెందిన ‘ఏటీహెచ్79 టైనీ’ బిల్డర్ విప్పి, ‘మేక్ ఇన్ఫో’ అని కొట్టండి. అందులో మన మోడల్ ప్రొఫైల్ పేరు దొరుకుతుంది. ఆ తర్వాత ‘మేక్ ఇమేజ్’కు ప్రొఫైల్, ప్యాకేజీల జాబితా ఇవ్వాలి. వద్దనుకున్న ప్యాకేజీ పేరు ముందు మైనస్ గుర్తు పెడితే చాలు. యాక్సెస్ పాయింట్‌కు పీపీపీ, పీపీపీఓఈ (ఇంటర్నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతులు) అక్కరలేదు. చిరునామాలు పంచే పని ప్రధాన రౌటర్‌దే కనుక డీఎన్ఎస్‌మాస్క్, ఓడీహెచ్‌సీపీడీ పోవచ్చు. రాకపోకలను వడపోసే ఫైర్‌వాల్, ఐపీటేబుల్స్ కూడా అంతే. డబ్ల్యూపీఏడీ జోలికి మాత్రం పోకండి, అది లేకపోతే వైఫైకి పాస్‌వర్డ్ పెట్టలేరు. డ్రాప్‌బేర్ తీసేస్తే రౌటర్‌లోకి కంప్యూటర్ నుంచి కమాండ్లు ఇచ్చే ఎస్‌ఎస్‌హెచ్ దారి మూసుకుపోతుంది. సెట్టింగులు మార్చుకునే లూసీ వెబ్ పేజీ మీ ఇష్టం, నేనైతే పెట్టను.

ఒక మెలిక ఉంది. ఇమేజ్ 3904 కేబీ దాటితే బిల్డర్ ‘టూ బిగ్’ అని ఒక వరుస చూపించి, ఆ ఫైలు తీసేసి, ఏమీ జరగనట్టు పని ముగిస్తుంది. అందుకే తెర మీది చివరి వరుసను నమ్మకుండా ‘బిన్’ ఫోల్డర్‌లో ఫైలు ఉందో లేదో చూడండి. ఫైలు ఉన్నా, అంచుదాకా నిండితే సెట్టింగులు దాచుకోవడానికి చోటుండదు.

ర్యామ్ సంగతి వేరు. ఫ్లాష్‌లో ఎంత కోసినా 32 ఎంబీ ర్యామ్ పెరగదు. నడిచే ప్రోగ్రాములు తగ్గితే కొంత ఊపిరి ఆడుతుంది, అంతే. జడ్‌ర్యామ్ పెడితే ర్యామ్‌లోని సరుకును కుదించి దాస్తుంది. కానీ ఆ ప్యాకేజీకీ ఫ్లాష్‌లో చోటు కావాలి, ప్రాసెసర్ మీద భారమూ పడుతుంది. ఉత్త యాక్సెస్ పాయింట్‌కు మొదట అది లేకుండానే చూడండి.

కంపెనీ ఫర్మ్‌వేర్ నుంచి మారేవారికి ‘ఫ్యాక్టరీ’ ఫైలు, ఇప్పటికే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉన్నవారికి ‘సిస్‌అప్‌గ్రేడ్’ ఫైలు. డీఎన్ఎస్‌మాస్క్ లేని రౌటర్ మీ కంప్యూటర్‌కు చిరునామా ఇవ్వదు. లాన్ పోర్టులో కేబుల్ పెట్టి, కంప్యూటర్‌కు 192.168.1.2 అని మీరే ఇచ్చి, 192.168.1.1కి ఎస్‌ఎస్‌హెచ్ చేయండి. ప్రధాన రౌటర్‌దీ అదే చిరునామా అయితే రెండూ కొట్టుకుంటాయి, ముందు దీనిది మార్చాకే కలపండి.

అభ్యాసం: పై మైనస్‌లతో ఒకటి, ఏ మైనస్సూ లేకుండా ఒకటి, రెండు ఇమేజ్‌లు చేసి సైజులు రాసి ఉంచండి. వచ్చే పాఠంలో సోర్స్ నుంచి బిల్డ్ చేస్తూ కెర్నెల్‌లోనే కోత పెట్టేటప్పుడు ఆ అంకెలు కావాలి.