ఇంట్లో అడినోవైరస్ ఉంటే శానిటైజర్‌ని నమ్ముకోకండి

పిల్లలకు జ్వరం, గొంతునొప్పి, ఎర్రబడి పుసులు కట్టే కళ్లు ఒకేసారి వచ్చాయంటే అడినోవైరస్‌ను అనుమానించాలి. సోకిన 2 నుంచి 14 రోజుల్లో బయటపడుతుంది. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. యాంటీబయాటిక్ దీని మీద పనిచేయదు.

జ్వరానికి పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున, ఆరేసి గంటలకు, రోజుకు నాలుగు సార్లు మించకుండా ఇవ్వాలి. పొరపాటు జరిగేది సిరప్ దగ్గరే. 12 కిలోల బిడ్డకు 180 మి.గ్రా. కావాలి. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సీసా అయితే 7.5 మి.లీ., 250 ఉండేదైతే 3.6 మి.లీ. పోయాలి.

ఈ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉండదు. శానిటైజర్‌లోని ఆల్కహాల్ సులువుగా చంపేది ఆ పొర ఉన్న వైరస్‌లనే. అందుకే చేతులు సబ్బుతో 20 సెకన్లు రుద్ది, కుళాయి కింద కడగాలి. తలుపు గడియలు, కుళాయిలు, మరుగుదొడ్డి తుడవడానికి 5 శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) 20 మి.లీ.కు లీటరు అయ్యేదాకా నీళ్లు కలపండి. ముందు మురికి తీసేసి, ఆపైన పూసి 10 నిమిషాలు తడిగా ఉంచాలి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. యాసిడ్ క్లీనర్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, జాగ్రత్త.

కండ్లకలక ఉంటే కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి, ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారి తుడిచి పారేయండి. రెండో కంటికి వేరే దూది. తువ్వాలు, దిండు గలీబు, కాటుక ఎవరివి వాళ్లవే. చనుబాలు కంట్లో పిండొద్దు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చుకోవద్దు. ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, వైరస్ మాత్రం ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది.

ఇంట్లో ఎముక మజ్జ లేదా కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్లు ఉంటే లెక్క వేరు. వాళ్లకు ఈ వైరస్ బయటి నుంచే రానక్కర్లేదు, ఎప్పుడో సోకి ఒంట్లో దాగినదే మళ్లీ లేవొచ్చు. ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రాశయం దెబ్బతినొచ్చు. 100.4 డిగ్రీల జ్వరం, మూత్రంలో రక్తం, ఆగని విరేచనాలు, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు, రాత్రయినా సరే, చికిత్స చేస్తున్న డాక్టరుకు ఫోన్ చేయాలి. జ్వరం చూసి, చెప్పకుండా పారాసిటమాల్ వేసి అణచొద్దు. రోగనిరోధకశక్తిని తగ్గించే మాత్రలు సొంతంగా ఆపొద్దు. వాటిని తగ్గించడం చికిత్సలో భాగమే అయినా ఎంతన్నది డాక్టరే చెప్పాలి. రక్తంలో వైరస్ ఎంతుందో పీసీఆర్‌తో కొలుస్తారు. అవసరమైతే ఇచ్చే సిడోఫోవిర్ అనే వైరస్ మందు కిడ్నీలను దెబ్బతీయగలదు, కాబట్టి సెలైన్ ఎక్కించి, కిడ్నీలను కాపాడే ప్రొబెనెసిడ్ మాత్ర తోడుగా ఇస్తారు.

జబ్బు తగ్గిన పిల్లల మలంలో వైరస్ వారాల తరబడి పోతూ ఉండొచ్చు. డైపర్ మార్చిన చేత్తో, మార్పిడి అయిన లేదా కీమో తీసుకుంటున్న రోగికి అన్నం వడ్డించకండి.