పడగొట్టేలోపే పెంకుటింటికి బొమ్మ కట్టండి

తాతల నాటి పెంకుటిల్లు తీసేసి డాబా వేద్దామని ఇంట్లో మాట నడుస్తోందా? అది పోయేలోపే అచ్చం అలాంటి చిన్న బొమ్మ ఇల్లు చేసి దాచుకోవచ్చు, అందుకు ముందు టేపు పట్టుకుని ఊరెళ్లండి. ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి గానీ వాటిలో ఇల్లు కనపడదు, ఇంటి ముందు నిలబడ్డ పెళ్లివారే కనపడతారు. గదుల పొడవు వెడల్పులు, గుమ్మాలు, అరుగు ఎత్తు, మండువా, అన్నీ కొలిచి రాసుకోండి.

ఇల్లు ఇప్పటికే పోయుంటే పెద్దవాళ్లను కూర్చోబెట్టి నేల మీద సుద్దముక్కతో గీయించండి. "కాదే, గాదె ఇటుపక్క ఉండేది" అని అమ్మా పిన్నీ వాదించుకుంటుంటే ఆపకండి, ఫోన్లో రికార్డ్ చేయండి, అసలు సంగతులన్నీ అక్కడే బయటికొస్తాయి. ఏ కాలం నాటి ఇల్లు కడుతున్నారో మాత్రం ముందే తేల్చుకోవాలి, లేదంటే అమ్మమ్మ చెప్పే పశువుల కొట్టం, మామయ్య చెప్పే బాత్రూం ఒకేచోట పడతాయి.

అడుగుకు అర అంగుళం లెక్క పెట్టుకోండి. 30 అడుగులు, 40 అడుగుల ఇల్లు 15, 20 అంగుళాల్లోకి వస్తుంది, టీపాయ్ మీద పడుతుంది. గోడలకు 5 ఎం.ఎం. ఫోమ్ బోర్డు, దూలాలకు ఐస్‌క్రీం పుల్లలు, వాసాలకు చీపురుపుల్లలు, అంటించడానికి ఫెవికాల్ చాలు. మైదా జిగురు వద్దు, పురుగు పడుతుంది.

ఓపికంతా పైకప్పు మీద పెట్టండి. అట్టపెట్టె పై కాగితాన్ని తడిగుడ్డతో అద్ది మెల్లగా ఒలిస్తే లోపల గాళ్లు గాళ్లుగా ఉన్న పొర వస్తుంది. అది ఆరాక గాళ్లకు అడ్డంగా అర అంగుళం పట్టీలు కోసి, చూరు దగ్గర మొదలెట్టి, పై పట్టీ కింది దాని మీదికి కాస్త ఎక్కేలా అంటించుకుంటూ పోతే అచ్చం గూనపెంకులే. జల్లెడ పట్టిన ఎర్రమట్టిని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో వేసి పూయండి, ఆ మట్టి మీ పెరట్లోదైతే మరీ మంచిది. వంటింటి మీద పెంకులకు కొంచెం మసి కూడా రాయాలి, పొయ్యి పొగకి అవి నల్లబడే ఉండేవి కదా.

కప్పును అంటించేయకుండా మూతలా తీసేలా ఉంచండి. లోపల రోలు, తులసికోట లాంటివి మక్కుతో చేసుకోవచ్చు, అంటే కొండపల్లి బొమ్మలకు వాడే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. బాగా ఆరాకే రంగు వేయండి.

గోడలు కోయడానికి గీసుకున్న కాగితాలు మాత్రం పారేయొద్దు. బొమ్మ చూశాక బాబాయి వాళ్లూ ఒకటి కావాలంటారు, రెండోది చాలా తొందరగా అయిపోతుంది.