92వ గడి కోసం ఒక టార్చి

ఆవర్తన పట్టికలోని మూలకాలు ఒక్కొక్కటే పోగుచేసేవాళ్లకు 92వ గడి, అంటే యురేనియం దగ్గర బండి ఆగిపోతుంది. మన దేశంలో లైసెన్సు లేకుండా ఆ లోహం కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. విదేశీ సైట్లో ఆర్డర్ పెట్టే ఆలోచన నేనూ మానుకుని, లోహానికి బదులు యురేనియం కలిపిన గాజు కోసం వెతికాను.

తిరుపతిలో అమ్మమ్మ షోకేసులో పసుపుపచ్చ గాజు గిన్నె ఒకటుంది. రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, దొంగనోట్లు చూసే 395 నానోమీటర్ల యూవీ టార్చి జానెడు దూరంలో పట్టాను. అంచుదాకా చిలకపచ్చగా వెలిగింది! పక్కనున్న గ్లాసుల మీద ఉత్త ఊదా వెలుగే. యురేనియం కలిపిన గాజు ఇలాగే మెరుస్తుంది.

మసకపచ్చగా కనిపిస్తే మాత్రం నమ్మొద్దు, మాంగనీసు గాజు కూడా అలా మెరవగలదు. టార్చి కళ్లలోకి కొట్టొద్దు. గిన్నెను అరగదీయొద్దు, అందులో చింతపండు పులుసు పోయొద్దు.