కొత్త సౌండ్ కార్డు కొనే ముందు, ఉన్నదాంట్లోంచే హెడ్‌ఫోన్‌కి మంచి సౌండ్ రాబట్టడం ఎలా

హెడ్‌ఫోన్‌కి నాలుగైదు వేలు పోసినా కంప్యూటర్‌కి పెట్టేసరికి సౌండ్ చప్పగా ఉందనో, పాట ఆగినప్పుడల్లా వెనకాల సుయ్‌మంటోందనో అనిపిస్తే చాలామంది మొదట తిట్టుకునేది సౌండ్ కార్డునే. కానీ ఈమధ్య వచ్చిన మదర్‌బోర్డుల మీద ఉండే చిప్, అది రియల్‌టెక్ ఏఎల్‌సీ 897 కానివ్వండి, కాస్త ఖరీదైన బోర్డుల మీద కనిపించే 1220 కానివ్వండి, పాటని పాడుచేసేంత అధ్వానంగా ఉండదు. పాడయ్యేది దానికీ మీ చెవికీ మధ్యలో ఎక్కడో. ఆ ఎక్కడో ఏంటో పట్టుకోవడానికి పెద్దగా ఖర్చు లేదు, ఓ సాయంత్రం ఖాళీగా ఉంటే చాలు. ఇక్కడ చెప్పేదంతా వైరున్న హెడ్‌ఫోన్ల గురించే, ఎందుకంటే బ్లూటూత్ వాటిలో డిజిటల్‌ని సౌండ్‌గా మార్చే పని హెడ్‌ఫోన్‌లోనే జరుగుతుంది, మీ సౌండ్ కార్డుకి అక్కడ పనే లేదు.

పిన్ను ఎక్కడ పెడుతున్నారు?

డెస్క్‌టాప్ అయితే ముందు చూడాల్సింది ఇదే. క్యాబినెట్ ముందువైపు ఉన్న జాక్‌కి సౌండ్ వెళ్లేది లోపల ఒక సన్నటి కేబుల్ ద్వారా, అది బోర్డు అడుగున మొదలై గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి, ఫ్యాన్ వైర్ల మధ్యనుంచి ముందుకొస్తుంది, దారిలో ఉన్న కరెంటు గోలంతా అంటించుకుంటుంది. పరీక్ష సులువు: ఏమీ ప్లే చేయకుండా వాల్యూమ్ ఫుల్‌గా పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుని మౌస్ అటూ ఇటూ కదపండి, ఏదైనా పెద్ద వెబ్ పేజీ గబగబా పైకీ కిందికీ జరపండి. మౌస్ కదిలినప్పుడల్లా చిర్ చిర్‌మని వినిపిస్తే తప్పు చాలావరకు చిప్‌ది కాదు, ఆ కేబుల్‌ది. పరీక్ష అయ్యాక వాల్యూమ్ తగ్గించడం మర్చిపోకండి, తర్వాత ప్లే అయ్యే యాడ్ చెవులు పగలగొడుతుంది.

వెనక ఉన్న ఆకుపచ్చ జాక్‌కి మార్చి చూస్తే ఆ గోల చాలావరకు పోతుంది. అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. వెనక జాక్‌ని చాలా బోర్డుల్లో స్పీకర్ల కోసం పెడతారు, హెడ్‌ఫోన్‌ని నేరుగా నడిపే బలం దానికి ఉండకపోవచ్చు. ముందు జాక్‌లో బలం, వెనక జాక్‌లో శుభ్రం అన్నమాట. మీ హెడ్‌ఫోన్‌కి ఏది నప్పుతుందో తేల్చే పద్ధతి కిందకొచ్చాక చెప్తాను. పిన్ను పెట్టగానే రియల్‌టెక్ కిటికీ ఒకటి తెరుచుకుని ఇది స్పీకరా, హెడ్‌ఫోనా అని అడిగితే విసుక్కుని మూసేయకుండా హెడ్‌ఫోన్ అనే ఎంచుకోండి. కొన్ని బోర్డుల్లో లోపలి హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ పనిచేయడం మొదలయ్యేది ఆ క్లిక్‌తోనే. వైరు అందకపోతే మామూలు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసుకోండి, రెండు మీటర్ల కేబుల్‌తో సౌండ్‌కి వచ్చే నష్టం ఏమీ లేదు.

ల్యాప్‌టాప్ వాళ్లు చార్జర్ పీకి చూడండి. పీకగానే సుయ్‌మనే సౌండ్ ఆగిపోతే గొడవ కరెంటు వైపుది. మన ఇళ్లలో మూడు రంధ్రాల ప్లగ్ ఉంటుంది గానీ పైనున్న పెద్ద రంధ్రానికి లోపల ఎర్త్ వైరే ఉండదు చాలాచోట్ల. ల్యాప్‌టాప్ మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే సన్నగా జుమ్మంటోందంటే అనుమానించాల్సింది అక్కడే. ఎర్త్ ఉన్న ప్లగ్‌కి మార్చండి, లేదా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వేయించండి. మూడో పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని సలహా ఇచ్చే మహానుభావులు ఉంటారు, హమ్‌తో పాటు షాక్ నుంచి ఉన్న రక్షణ కూడా పోతుంది, వినకండి.

ఇంకో విచిత్రం. కొన్నిసార్లు మ్యూజిక్ అంతా వస్తుంది గానీ పాడేవాళ్ల గొంతు మాత్రం మాయమైపోతుంది, లేదా ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. చాలామంది దీన్ని డ్రైవర్ గొడవ అనుకుని విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేదాకా వెళ్తారు. కారణం పిన్ను పూర్తిగా దిగకపోవడమో, రెండు చెవులకీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ వైరు తెగడమో. గ్రౌండ్ లేకపోతే కరెంటు ఎడమ స్పీకర్‌లోంచి కుడి స్పీకర్‌లోకి పోతుంది, అప్పుడు మీకు వినపడేది ఆ రెండు చానెళ్ల మధ్య తేడా మాత్రమే. గాయకుడి గొంతుని మామూలుగా రెండు చానెళ్లలోనూ సమానంగా పెడతారు కాబట్టి అది కొట్టుకుపోయి, పక్కలకి జరిపిన వయొలిన్లూ కోరస్ గొంతులూ మిగులుతాయి. పిన్నుని టక్ మనేదాకా నొక్కండి, జాక్‌లో దుమ్ము చేరి ఉంటే కంప్యూటర్ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన సన్నటి ఇయర్ బడ్‌తో తుడవండి. నాలుగు ముక్కల పిన్ను ఉన్న ఫోన్ హెడ్‌సెట్‌ని డెస్క్‌టాప్ మైక్, హెడ్‌ఫోన్ జాకులకి పెట్టాలంటే రెండు పిన్నులుగా విడగొట్టే స్ప్లిటర్ వాడండి.

విండోస్ లోపల

గడియారం పక్కనున్న స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కిందికి దిగి మోర్ సౌండ్ సెట్టింగ్స్ తెరవండి. మీ హెడ్‌ఫోన్‌ని ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కితే స్టీరియో, 5.1, 7.1 అని కనిపిస్తాయి. స్టీరియోనే ఉండాలి. ఎప్పుడో స్పీకర్ల కోసం 5.1 పెట్టి వదిలేసి ఉంటే, మధ్య స్పీకర్‌కి వెళ్లాల్సిన డైలాగులు లేని స్పీకర్‌కి వెళ్లి గల్లంతవుతాయి. సినిమాల్లో ఫైట్లు దద్దరిల్లుతూ మాటలు మాత్రం వినపడట్లేదంటే ముందు ఇది చూడండి. స్టీరియోలో ఉన్నా అలాగే ఉందంటే ఓటీటీలో 5.1 అని రాసి లేని మామూలు తెలుగు ట్రాక్ ఉందేమో చూసి అది పెట్టుకోండి.

తర్వాత అదే హెడ్‌ఫోన్‌కి ప్రాపర్టీస్ తెరిచి, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్, స్పేషియల్ సౌండ్ రెండూ ఆఫ్. ల్యాప్‌టాప్ కంపెనీలు వేసి ఇచ్చే రకరకాల ఎఫెక్టుల యాప్‌లు కూడా అంతే, అవి చిన్న స్పీకర్లలో లేని బేస్ ఉన్నట్టు భ్రమ కలిగించడానికి చేసినవి, అవే హెడ్‌ఫోన్‌లో వింటే గొంతు డబ్బాలో పెట్టినట్టు వస్తుంది. ఆటలు ఆడేటప్పుడు శత్రువు ఏ పక్కనుంచి వస్తున్నాడో తెలియాలంటే స్పేషియల్ సౌండ్ పనికొస్తుంది, కాదనను, కానీ పాటలకి వద్దు.

ఫార్మాట్ దగ్గర 24 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టి మర్చిపోండి. సీడీ పాటలు 44100లో ఉంటాయి, వీడియోలు 48000లో, వాటిని కలిపే పని విండోస్ తనే చేసుకుంటుంది. 192000 ఉంది కదా అని అది పెడితే 44100 పాటలోకి కొత్త వివరాలేం రావు, ప్రాసెసర్‌కి పని పెరుగుతుంది అంతే. 24 బిట్ ఎందుకంటే విండోస్‌లో వాల్యూమ్ బాగా తగ్గించినా వివరం పోదు. వింటున్న ప్రతి ప్రోగ్రాంలోనూ వాల్యూమ్ వందలో ఉంచి, తగ్గించే పని ఒక్కచోట, విండోస్ దగ్గర, చేయండి.

మోర్ సౌండ్ సెట్టింగ్స్ కిటికీలో కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ ఉంటుంది. కాల్ వచ్చినప్పుడు మిగతా సౌండ్లని 80 శాతం తగ్గించమని అందులో ముందే పెట్టి ఉంటుంది. పాట ఉన్నట్టుండి నీరసపడి మళ్లీ లేస్తోందంటే దీని పనే, ఏమీ చేయవద్దు అనేదానికి మార్చండి. హెడ్‌ఫోన్ ప్రాపర్టీస్‌లోని లెవెల్స్ ట్యాబ్‌లో మైక్, లైన్ ఇన్ లాంటివి కనిపిస్తే మ్యూట్ చేయండి. తెరిచి ఉన్న మైక్ దారిలోంచి వచ్చే గోల కూడా హెడ్‌ఫోన్‌లో కలుస్తుంది, అది చిన్నదే గానీ ఇన్‌ఇయర్ పెట్టుకుంటే స్పష్టంగా తెలుస్తుంది.

లినక్స్ వాళ్లయితే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిచి ఎఫ్6తో అసలు కార్డుని ఎంచుకుని చూడండి. పైన మాస్టర్ వందలో ఉన్నా హెడ్‌ఫోన్ అనే గీత నలభైలో ఆగిపోయి ఉండటం మామూలే.

ఓమ్స్ గొడవ

అసలు తేడా తెచ్చేది ఇదే, ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే. హెడ్‌ఫోన్‌కి ఇంపెడెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం, ఉంటుంది, జాక్‌కీ ఉంటుంది, దాన్ని ఓమ్స్‌లో కొలుస్తారు. హెడ్‌ఫోన్‌ది జాక్‌ కన్నా కనీసం ఎనిమిది రెట్లు ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. 32 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కి జాక్ 4 ఓమ్స్ లోపు ఉండాలి. 16 ఓమ్స్ ఇన్‌ఇయర్‌కైతే 2 లోపు. జాక్‌ది ఎక్కువైతే సౌండ్ తగ్గడం ఒక్కటే కాదు, రంగే మారిపోతుంది, ఎందుకంటే మామూలు హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు, బేస్ దగ్గర లేస్తుంది, లేచినచోట సౌండ్ ఉబ్బుతుంది. బేస్ లావుగా, గట్టిదనం లేకుండా బద్‌బద్‌మంటుందే, అది. లోపల చదునైన పల్చటి పొర ఊగే ప్లేనార్ రకం హెడ్‌ఫోన్లకి ఈ బాధ దాదాపు ఉండదు, వాటి ఇంపెడెన్స్ దాదాపు తిన్నగా ఉంటుంది.

మీ జాక్ ఎన్ని ఓమ్సో ఇంట్లోనే కొలవచ్చు. కావాల్సినవి ఒక మల్టీమీటర్, 33 ఓమ్స్ రెసిస్టర్ ఒకటి, తెగిపోయిన పాత ఇయర్‌ఫోన్ వైరు. హైదరాబాద్ అయితే కోఠి గుజరాతీ గల్లీలో రెసిస్టర్ చిల్లర డబ్బులకే దొరుకుతుంది. మీటర్‌కి ఏసీలో 2 వోల్టుల రేంజ్ గానీ ఆటో రేంజ్ గానీ ఉండాలి, బాగా చవక పసుప్పచ్చ మీటర్లలో ఏసీ 200 వోల్టుల నుంచే మొదలవుతుంది, అది దీనికి పనికిరాదు. ఇయర్‌ఫోన్ వైరు లోపలి తీగలకి రంగు పూత ఉంటుంది, అది పోకపోతే మీటర్ సున్నా చూపిస్తూ కూర్చుంటుంది, కాబట్టి కొసల్ని గరుకు కాగితంతో గీకండి. రాగి రంగుది సాధారణంగా గ్రౌండ్, ఎర్రది కుడి, ఆకుపచ్చో నీలమో ఎడమ.

ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ప్రోగ్రాంలో 200 హెర్ట్జ్ సైన్ టోన్ తయారుచేసి ప్లే చేయండి, ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర చవక మీటర్లు కూడా బాగానే చూపిస్తాయి. ఎడమ తీగకీ గ్రౌండ్‌కీ మధ్య వోల్టేజ్ రాసుకోండి. వాల్యూమ్ ముట్టుకోకుండా ఆ రెండు తీగల మధ్యే రెసిస్టర్ పెట్టి మళ్లీ చూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, ఒకటి తీసేసి, 33తో గుణించండి. ఉదాహరణకి మొదట 1 వోల్టు, రెసిస్టర్ పెట్టాక 0.3 వోల్టులు వచ్చిందనుకోండి, జాక్ దాదాపు 77 ఓమ్స్. అలాంటి జాక్‌కి 32 ఓమ్స్ హెడ్‌ఫోన్ పెడితే దానికి అందేది మూడో వంతు వోల్టేజ్ కూడా కాదు. అదే సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్స్ హెడ్‌ఫోన్ అయితే దాదాపు ఎనభై శాతం అందుతుంది, ఉబ్బూ తక్కువే, కాకపోతే దానికి కావాల్సినంత వోల్టేజ్ ల్యాప్‌టాప్ ఇవ్వలేక సౌండ్ చిన్నగా ఉండొచ్చు. ముందు జాక్, వెనక జాక్ రెండూ కొలవండి, ఎనిమిది రెట్ల లెక్కకి ఏది దగ్గరుంటే అది వాడండి, గోల లేకుండా ఉంటేనే లెండి.

ఈక్వలైజర్

ఇంతవరకూ వచ్చాక కూడా సౌండ్ మీ చెవికి నచ్చకపోతే అది హెడ్‌ఫోన్ స్వభావం, కార్డు మారిస్తే మారదు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, పాటలూ సినిమాలూ అన్నిటికీ కలిపి ఒకేసారి పనిచేస్తుంది. కాకపోతే పైన ఆఫ్ చేయమన్న ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్‌లోనే ఉంటే ఇది పనిచేయదు, దీన్ని వాడేటట్టయితే అది మళ్లీ ఆన్ చేయండి. ఆటోఈక్యూ అనే ఉచిత ప్రాజెక్టులో చాలా మోడళ్లకి సిద్ధంగా సెట్టింగులు ఉన్నాయి, మీ మోడల్‌ది తెచ్చి వేసుకోండి. ఒకటే జాగ్రత్త, ఎక్కడైనా 6 డెసిబెల్స్ పెంచితే ప్రీఆంప్‌ని, అంటే అందులోనే ఉండే మొత్తం వాల్యూమ్‌ని, మైనస్ 6 చేయాలి, లేదంటే గట్టి బీట్ దగ్గర సౌండ్ పగులుతుంది. పెంచడం కన్నా అనవసరమైన చోట తగ్గించడం మేలు. పాట ప్లేయర్‌లో విండోస్ మిక్సింగ్‌ని తప్పించి నేరుగా కార్డుకి పంపే ఎక్స్‌క్లూజివ్ మోడ్ పెట్టుకుంటే ఈ ఈక్వలైజర్ పనిచేయదని కూడా గుర్తుంచుకోండి.

పాత క్యాసెట్ నుంచి ఎక్కించి, కుదించి, మళ్లీ కుదించి ఎవరో పెట్టిన పాటని మాత్రం ఏ సెట్టింగూ బాగుచేయలేదు. అరవైల నాటి సినిమా పాటలైతే అసలు మోనో, రెండు చెవుల్లోనూ ఒకటే వస్తుంది, కార్డు పాడైందని కంగారుపడకండి. స్ట్రీమింగ్ యాప్‌లో క్వాలిటీ అన్నిటికన్నా పైదానికి మార్చారో లేదో చూడండి, డేటా మిగలాలని తక్కువలో పెట్టి మర్చిపోయి ఉంటారు.

ఎప్పుడు కొనాలి?

మౌస్ గోల ఏం చేసినా పోకపోతే, జాక్ ఓమ్స్ మరీ ఎక్కువ అని తేలితే, లేదా వాల్యూమ్ వందలో పెట్టినా సరిపోకపోతే. ఈ మూడింట్లో ఏదీ లేకపోతే ఆ డబ్బు హెడ్‌ఫోన్ మీద పెట్టండి. కొనేటప్పుడు కూడా క్యాబినెట్ లోపల బిగించే కార్డు కన్నా బయట ఉండి డిజిటల్‌ని సౌండ్‌గా మార్చే యూఎస్‌బీ డ్యాక్ వైపు నా ఓటు, గ్రాఫిక్స్ కార్డు పక్కన కూర్చోదు, రేపు ల్యాప్‌టాప్‌కీ ఫోన్‌కీ వాడుకోవచ్చు. ఇన్‌ఇయర్, 32 ఓమ్స్ వాళ్లకి ఆపిల్ వాళ్ల బుల్లి యూఎస్‌బీ సీ డాంగిల్ విండోస్‌లో చక్కగా సరిపోతుంది, గరిష్ఠంగా ఒక వోల్టు ఇస్తుంది, దాని ఇంపెడెన్స్ చాలా తక్కువ. 250, 300 ఓమ్స్ వాళ్లు రెండు వోల్టులో అంతకన్నా ఎక్కువో ఇచ్చే ఆంప్ ఉన్న డ్యాక్ చూసుకోండి.

వచ్చాక పాతదానితో పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమ్ సమానం చేసి వినండి. కాస్త గట్టిగా మోగేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది, అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఇందాకటి 200 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే రెండు తీగల మధ్య ఒకే వోల్టేజ్ వచ్చేలా పెట్టుకుంటే సరి, దానికి చిన్న వై స్ప్లిటర్ కావాలి. అలా విన్నప్పుడు తేడా తెలియకపోతే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.